కొత్త ల్యాప్‌టాప్‌లో ఆఫీసు షేర్డ్ డ్రైవ్ తెరుచుకోకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరులో ఎనిమిది మంది పనిచేసే ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. క్లయింట్ల రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాలీ డేటా అన్నీ విండోస్ 10 ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో ‘క్లయింట్స్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ పేరు ‘ఆఫీస్’. దాన్నే అందరం జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుని వాడుకుంటున్నాం. ఇంతవరకు అది ఎవరినీ పాస్‌వర్డ్ అడగలేదు. ఈమధ్య నాకు విండోస్ 11 ప్రో ఉన్న కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. అందులో ఆ ఫోల్డర్ తెరవబోతే, ‘మీ సంస్థ భద్రతా విధానాలు గుర్తింపు లేని గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి’ అనే అర్థం వచ్చే సందేశం ఇంగ్లీషులో కనిపిస్తోంది. అలాంటి విధానాలేవీ మా ఆఫీసులో ఎవరూ పెట్టలేదు. మా సహోద్యోగి సొంతంగా కొనుక్కున్న కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం అదే ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటోంది. ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపేసి, ఎస్‌ఎంబీ1 (ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి) ఆన్ చేసి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట) ఒక విలువ మారిస్తే సరిపోతుందని ఆయన ఒక వీడియో చూపించారు. అలా చేయవచ్చా? మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. పాత కంప్యూటర్లలో ఉదయం పూట జెడ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు కనిపిస్తుంది. ఒక్కోసారి ట్యాలీలో ఆ డ్రైవ్ అసలు కనిపించదు. ఎందుకని?

జవాబు: వీడియోలో చెప్పిన మూడింటిలో ఏ ఒక్కటీ చేయకండి. మీ ల్యాప్‌టాప్‌లో లోపం లేదు, ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ లేదు. మీకు వస్తున్న సందేశాన్ని నిదానంగా చదివితే జరిగినదేమిటో అందులోనే ఉంది. మీ ల్యాప్‌టాప్ ‘ఆఫీస్’ కంప్యూటర్‌ను వెతికి పట్టుకుంది, దానితో మాట్లాడింది, కానీ ఆ కంప్యూటర్ పేరూ పాస్‌వర్డూ సరిచూడకుండా గెస్ట్‌గా లోపలికి రానిస్తాననేసరికి మీ ల్యాప్‌టాప్ వెనక్కి తగ్గింది. అంటే దారి బాగానే ఉంది, గుర్తింపు దగ్గరే ఆగింది. ఆ గుర్తింపును ఏర్పాటు చేయడమే దీనికి పరిష్కారం, దానికి ఎవరినీ పిలవాల్సిన అవసరం కూడా లేదు.

సందేశంలో ‘మీ సంస్థ’ అని ఉండడం వల్ల మీరు కంగారుపడి ఉంటారు. ఆ వాక్యం పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసినది, ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉన్నవారికి కూడా అదే కనిపిస్తుంది. విండోస్ 11లో 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో రెండు మార్పులు జరిగాయి. ఒకటి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని విండోస్ తనంతట తానే నిరాకరిస్తుంది. రెండోది, షేర్డ్ ఫోల్డర్‌తో జరిగే ప్రతి సంభాషణ మీదా డిజిటల్ సంతకం (అవతలి యంత్రం అసలుదేనని, మధ్యలో ఎవరూ ఏమీ మార్చలేదని చూపే గుర్తు) ఉండి తీరాలని అడుగుతుంది. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలోనూ ఇంతే. హోమ్ ఎడిషన్‌కు మాత్రం ఈ నిబంధనలు వర్తింపజేయలేదు. సొంతానికి కొనే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది హోమ్ ఎడిషనే కాబట్టి, మీ సహోద్యోగికి తెరుచుకున్నది మీకు తెరుచుకోకపోవడానికి చాలావరకు కారణం అదే అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తరువాత అబౌట్ అన్న చోట ఎడిషన్ పేరు కనిపిస్తుంది, సరిచూసుకోవచ్చు.

ఇక గెస్ట్ ప్రవేశాన్ని ఎందుకు ఆపారో మీరు మీ యజమానికి వివరించవలసి రావచ్చు కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను. ఇన్నాళ్లూ మీ ఆఫీసులో జరిగినది ఇది: మీ కంప్యూటర్ తనకు తెలిసిన యూజర్ పేరును ‘ఆఫీస్’ కంప్యూటర్‌కు చెప్పేది, ఆ పేరు తన జాబితాలో లేకపోయినా అది ‘సరే, గెస్ట్‌గా రా’ అని రానిచ్చేది. డిజిటల్ సంతకం చేయడానికి కావలసిన రహస్య తాళం పాస్‌వర్డ్ ఆధారంగానే తయారవుతుంది. పాస్‌వర్డ్ లేని గెస్ట్‌కు ఆ తాళం ఉండదు, కాబట్టి సంతకమూ ఉండదు, ఎన్‌క్రిప్షనూ (ఇతరులు చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడం) ఉండదు. అలాంటప్పుడు అదే వైఫైలో చేరిన మరొక యంత్రం ‘నేనే ఆఫీస్ కంప్యూటర్‌ని’ అని బదులిచ్చి మార్చిన ఫైలును మీ చేతిలో పెట్టినా, మధ్యలో కూర్చుని బ్యాంకు స్టేట్‌మెంటును చదివినా, మీ ల్యాప్‌టాప్‌కు తెలుసుకునే మార్గం లేదు. పైగా ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఎవరు చెరిపేశారో ‘ఆఫీస్’ కంప్యూటర్‌కు కూడా తెలియదు, దాని దృష్టిలో ఎనిమిది మందీ ఒకే గెస్ట్. పాన్ నంబర్లు, ఆధార్ కాపీలు, జీఎస్టీ లాగిన్ వివరాలు ఉన్న ఫోల్డర్‌ను అలా ఉంచడం మీ క్లయింట్లకు న్యాయం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, ఇతరుల సమాచారాన్ని దగ్గర పెట్టుకున్నవారు దానికి తగిన భద్రత కల్పించాలనే చెబుతోంది.

ఇప్పుడు ఆ మూడు సలహాల సంగతి. ఫైర్‌వాల్ ఆపడం వల్ల మీకు కలిగే లాభం శూన్యం. ఫైల్ షేరింగ్ 445 అనే పోర్టు (నెట్‌వర్క్ రాకపోకలకు కంప్యూటర్‌లో ఉండే ద్వారం లాంటిది) ద్వారా జరుగుతుంది, గెస్ట్ గురించిన సందేశం మీ దాకా వచ్చిందంటేనే ఆ పోర్టు తెరిచి ఉందన్నమాట. రిజిస్ట్రీలో విలువ మార్చడం, దానితోపాటు సంతకం నిబంధనను కూడా ఎత్తివేయడం చేస్తే ఫోల్డర్ నిజంగానే తెరుచుకుంటుంది, అందుకే ఆ సలహా అంతగా ప్రచారంలో ఉంది. కానీ ఆ మార్పు మీ ఆఫీసు ఫోల్డర్ ఒక్కదానికే పరిమితం కాదు. ల్యాప్‌టాప్‌ను మీరు విజయవాడ రైల్వే స్టేషన్‌లో తెరిచినా, క్లయింట్ ఆఫీసులో వాళ్ల వైఫైకి కలిపినా, అక్కడ కూడా అది గుర్తింపు లేని యంత్రాలను నమ్మడానికి సిద్ధంగా ఉంటుంది.

మూడోదైన ఎస్‌ఎంబీ1కూ మీ సమస్యకూ సంబంధమే లేదు. ఫైల్ షేరింగ్‌కు వాడే ఎస్‌ఎంబీ పద్ధతి 1980లలో ఐబీఎంలో పుట్టింది, దాని తొలి రూపమే ఎస్‌ఎంబీ1. విండోస్ విస్టా కాలంలోనే దాని స్థానంలో ఎస్‌ఎంబీ2 వచ్చింది, విండోస్ 10 కూడా విండోస్ 11 కూడా మాట్లాడుకునేది అంతకంటే కొత్తదైన ఎస్‌ఎంబీ3తో. 2017 మే 12న ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్) ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పాకింది ఎస్‌ఎంబీ1లోని లోపం ద్వారానే. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే మరమ్మతు విడుదల చేసినా, అప్‌డేట్ చేసుకోని యంత్రాలు దెబ్బతిన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా వాటిలో ఉన్నాయి. ఆ ఏడాది చివరి నుంచి విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌ఎంబీ1 సాధారణంగా అందులో ఆన్ అయి ఉండదు. మీ ఆఫీసులో పాత జిరాక్స్ యంత్రం నుంచి స్కాన్లు నేరుగా ఫోల్డర్‌లోకి వచ్చే ఏర్పాటు ఉంటే, అది ఎస్‌ఎంబీ1 మాత్రమే తెలిసినది అయి ఉండే అవకాశం ఉంది. అటువంటప్పుడు కూడా దాని ఫర్మ్‌వేర్ (యంత్రంలోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కోసం అడగండి, దొరకకపోతే స్కాన్లను ఈమెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో పంపుకోండి. ఒక్క స్కానర్ కోసం ఆఫీసు మొత్తాన్ని ప్రమాదంలో పెట్టవద్దు.

చేయవలసిన పని ‘ఆఫీస్’ కంప్యూటర్ దగ్గర మొదలవుతుంది. అందులో అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి, సెట్టింగ్స్‌లోని అకౌంట్స్ విభాగంలో ఇతర యూజర్లను చేర్చే చోటికి వెళ్లి, ఆ మనిషి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అన్న దాన్ని ఎంచుకుని, తరువాతి తెరలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ను చేర్చు అన్న దాన్ని నొక్కితే, పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. ఎనిమిది మందికీ విడివిడిగా ఒక్కో లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌లో మాత్రమే ఉండే అకౌంట్) తయారుచేయండి. అందరికీ కలిపి ఒకటే పెట్టేస్తే పని తేలికే, కానీ రేపు ఒకరు ఉద్యోగం మానేసినప్పుడు అందరి పాస్‌వర్డూ మార్చవలసి వస్తుంది. విడివిడిగా ఉంటే ఆ ఒక్క అకౌంట్‌ను ఆపితే చాలు. ఏ అకౌంట్‌కూ పాస్‌వర్డ్‌ను ఖాళీగా వదలకండి, ఎందుకంటే పాస్‌వర్డ్ లేని అకౌంట్‌తో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కావచ్చు గాని నెట్‌వర్క్ ద్వారా రావడానికి విండోస్ ఒప్పుకోదు. సెట్టింగ్స్ బదులు కంప్యూటర్ మేనేజ్‌మెంట్ ద్వారా అకౌంట్లు చేసేవారు, తొలిసారి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి అన్న చోట ముందే పెట్టి ఉండే టిక్‌ను తీసేయాలి. లేకపోతే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా నెట్‌వర్క్ నుంచి ప్రవేశం దొరకదు.

తరువాత ‘క్లయింట్స్’ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఇక్కడే చాలామంది తడబడతారు, ఎందుకంటే అనుమతులు రెండు చోట్ల ఉంటాయి. షేరింగ్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్, అందులో పర్మిషన్స్ అన్నది ఒకటి. సెక్యూరిటీ ట్యాబ్ రెండోది. నెట్‌వర్క్ ద్వారా వచ్చే మనిషికి ఈ రెంటిలో ఏది తక్కువ అనుమతి ఇస్తే అదే వర్తిస్తుంది. ఒకచోట ఫుల్ కంట్రోల్ ఇచ్చి, రెండోచోట చదవడానికి మాత్రమే ఇస్తే, ఫైలు తెరుచుకుంటుంది గాని సేవ్ కాదు. కాబట్టి ఎనిమిది అకౌంట్లనూ రెండు చోట్లా చేర్చి, రెండు చోట్లా చేంజ్ లేదా మాడిఫై వరకు అనుమతి ఇవ్వండి. ఎవ్రీవన్ అన్న పేరును ఇప్పుడే తీసేయకండి, అది ఎప్పుడు తీయాలో చివర చెబుతాను.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘దిస్ పీసీ’ తెరిచి, పైన ఉండే మూడు చుక్కల్ని నొక్కితే ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ కనిపిస్తుంది. డ్రైవ్ అక్షరంగా జెడ్ ఎంచుకుని, ఫోల్డర్ గడిలో \\ఆఫీస్\క్లయింట్స్ అన్న దారిని ఇంగ్లీషు అక్షరాల్లో, మొదట రెండు బ్యాక్‌స్లాష్‌లు, మధ్యలో ఒకటి వచ్చేలా రాయండి. మామూలు స్లాష్ వేరు, బ్యాక్‌స్లాష్ వేరు. కింద రెండు టిక్‌లు ఉంటాయి: లాగిన్ అయినప్పుడల్లా మళ్లీ కలపమనేది ఒకటి, వేరే యూజర్ పేరుతో కలపమనేది మరొకటి. రెండూ పెట్టండి. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో మీ పేరును ఒంటరిగా కాకుండా, ముందు ఆ కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే ‘ఆఫీస్’ కంప్యూటర్‌లో మీకోసం చేసిన యూజర్ పేరు వచ్చేలా రాయండి. అలా రాస్తే ఈ అకౌంట్ ల్యాప్‌టాప్‌లోది కాదు, అవతలి కంప్యూటర్‌లోది అని విండోస్‌కు స్పష్టమవుతుంది. పాస్‌వర్డ్ ఇచ్చి, గుర్తుపెట్టుకోమని టిక్ పెడితే ఇక అడగదు.

ఆ పెట్టెలో ఇవ్వవలసినది పాస్‌వర్డే గాని పిన్ కాదు. రోజూ ఉదయం ల్యాప్‌టాప్ తెరవడానికి వాడే నాలుగంకెలో ఆరంకెలో ఉన్న పిన్ ఆ ఒక్క యంత్రంలోనే చెల్లుతుంది, నెట్‌వర్క్‌లో మరే యంత్రానికీ అది అర్థం కాదు. పాస్‌వర్డ్ తప్పంటోందని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది అక్కడ పిన్ కొడుతున్నవారే. మరొకటి, ఇంతకుముందు వేరే పేరుతో అదే కంప్యూటర్‌కు కలిసి ఉంటే, ఒకే సర్వర్‌కు రెండు పేర్లతో కలవడం కుదరదని, 1219 అనే సంఖ్యతో సందేశం రావచ్చు. అప్పుడు పాత జెడ్ డ్రైవ్‌ను డిస్‌కనెక్ట్ చేసి, కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ‘ఆఫీస్’ పేరుతో దాచిన పాత వివరాలను తొలగించి, ఒకసారి లాగౌట్ అయి వచ్చి మళ్లీ ప్రయత్నించండి.

మీకు గెస్ట్ సందేశం పోయి, దాని స్థానంలో నెట్‌వర్క్ దారి కనబడలేదన్న సందేశం వస్తే, అంటే కోడ్ చివర 80070035 అని గాని సంఖ్య 53 అని గాని ఉంటే, అది పూర్తిగా వేరే విషయం. అప్పుడు మాత్రం దారిని అనుమానించాలి. మొదట ల్యాప్‌టాప్ ఏ వైఫైలో ఉందో చూడండి. రౌటర్‌లో వచ్చినవారి కోసం పెట్టే గెస్ట్ వైఫైలో ఉన్నా, ఫోన్ హాట్‌స్పాట్‌లో ఉన్నా, ఇంటర్నెట్ వస్తుంది గాని ఆఫీసు కంప్యూటర్ కనిపించదు. తరువాత ‘ఆఫీస్’ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌గా మార్చండి. ఆ పైన పేరు బదులు దాని ఐపీ అడ్రస్‌తో (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కు ఉండే సంఖ్యతో) ప్రయత్నించండి. ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే లోపం పేరును గుర్తించడంలో ఉంది, అప్పుడు రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు ఒక ఐపీని శాశ్వతంగా కేటాయించి దానితోనే డ్రైవ్ పెట్టుకోవచ్చు. పింగ్‌కు (అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే పరీక్షకు) జవాబు రాలేదని మాత్రం నిర్ణయానికి రావద్దు, విండోస్ ఫైర్‌వాల్ ఫైల్ షేరింగ్‌ను అనుమతిస్తూనే పింగ్‌కు జవాబివ్వకుండా ఉండవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ అన్న జాబితా ఖాళీగా ఉండడం కూడా లోపం కాదు, పేరు రాసి వెళ్లగలిగితే ఆ జాబితాతో పనే లేదు.

ఎర్ర గుర్తు విషయానికి వస్తే, కంప్యూటర్ లాగిన్ అయ్యేటప్పటికి వైఫై ఇంకా కలవకపోవడమే సాధారణ కారణం. డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేయగానే తెరుచుకుని గుర్తు పోతే పట్టించుకోనక్కర్లేదు. తెరుచుకోకపోతే ‘ఆఫీస్’ కంప్యూటర్ నిద్రలోకి వెళ్లి ఉండవచ్చు. అందరి ఫైళ్లూ ఉన్న కంప్యూటర్‌లో పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ‘నెవర్’ అని పెట్టడం, దాన్ని వైఫైతో కాక కేబుల్‌తో రౌటర్‌కు కలపడం, ఈ రెండూ మీ ఉదయపు ఇబ్బందిని చాలావరకు తీరుస్తాయి.

ట్యాలీలో డ్రైవ్ కనిపించకపోవడానికి కారణం కొంచెం లోతైనది. ఏ ప్రోగ్రామ్‌నైనా ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అని తెరిచినప్పుడు విండోస్ దాన్ని విడి లాగిన్‌గా లెక్కిస్తుంది. మీరు మామూలుగా పెట్టుకున్న జెడ్ డ్రైవ్ ఆ లాగిన్‌కు తెలియదు. ట్యాలీ షార్ట్‌కట్‌లో ఎవరో ఆ టిక్ పెట్టి ఉంటారు. ఆ టిక్ తీసేసి మామూలుగా తెరవండి, లేదా డేటా ఉన్న చోటును జెడ్ అని కాకుండా \\ఆఫీస్\క్లయింట్స్ అనే పూర్తి దారితో ఇవ్వండి.

ఇదే సమస్యతో పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్న పాఠకులు పై సెట్టింగ్స్ వేటినీ ముట్టుకోకూడదు. డొమైన్‌లో, అంటే కంపెనీ ఒకే చోటి నుంచి నియంత్రించే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్‌లో అనుమతులు అడ్మిన్ చేతిలో ఉంటాయి. మిమ్మల్ని గ్రూపులో చేర్చామని ఐటీ విభాగం చెప్పాక కూడా ఫోల్డర్ తెరుచుకోకపోతే, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, కొత్త గ్రూపు సంగతి లాగిన్ సమయంలోనే కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఇంటి నుంచి పనిచేసేవారు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌కు సురక్షితంగా కలిపే దారి) కలిపాకే డ్రైవ్ తెరవాలి. దూరం నుంచి అందుబాటు కోసం రౌటర్‌లో 445 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవమని ఎవరు చెప్పినా వినకండి.

మీరు అడగకపోయినా చెప్పవలసినవి రెండున్నాయి. జెడ్ డ్రైవ్ నుంచి డిలీట్ చేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. ఈ సంగతి ఎనిమిది మందికీ తెలియాలి. పైగా ఏ ఒక్కరి కంప్యూటర్‌లో రాన్సమ్‌వేర్ చేరినా, ఆ మనిషికి అనుమతి ఉన్న షేర్డ్ ఫైళ్లన్నిటినీ అది తాళం వేయగలదు. అందుకే ‘క్లయింట్స్’ ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి క్రమం తప్పకుండా కాపీ చేయండి, కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను తప్పనిసరిగా విడదీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కు కలిపే ఉంచిన డిస్క్ బ్యాకప్ కిందికి రాదు. రెండోది, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీసులో మొదట మార్చవలసిన కంప్యూటర్ అందరి ఫైళ్లూ ఉన్న ఆ డెస్క్‌టాపే అని మీ యజమానికి చెప్పండి.

ఇక పని వరుస. అకౌంట్లు చేసి, అనుమతులు ఇచ్చి, మొదట మీ ల్యాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్ పెట్టి, ఒక చిన్న ఫైలు తయారుచేసి సేవ్ అవుతోందో లేదో చూడండి. మిగతా ఏడుగురూ ప్రస్తుతం గెస్ట్‌గానే వస్తున్నారు కాబట్టి ఈలోగా వారి పనికి సాధారణంగా ఆటంకం ఉండదు. ఒక్కొక్కరి కంప్యూటర్‌లో పాత జెడ్ డ్రైవ్‌ను తీసేసి, వారి వారి పేరుతో మళ్లీ పెట్టండి. ఎనిమిదీ పూర్తయ్యాక, రిటర్నుల గడువు దగ్గర లేని ఒక సాయంత్రం ఆఫీసు కట్టేసే వేళకు, ‘ఆఫీస్’ కంప్యూటర్‌లో ఫోల్డర్ అనుమతుల నుంచి ఎవ్రీవన్‌ను తీసేసి, కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ కింద ఉండే ‘పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్’ను ఆన్ చేయండి. మరుసటి ఉదయం ఎవరిదైనా తెరుచుకోకపోతే, ఆ తెర మీద కనిపించిన వాక్యాన్ని ఉన్నదున్నట్లు, సంఖ్యతో సహా రాసి పంపండి.